నోరులేని కోటలో డబల్ డ్యూటీ

బసవరాజు అబద్ధాలాడడు. జరిగినదానికి కాస్త ఎత్తు పెంచుతాడు, అంతే. ఉప్పల్ చౌరస్తాలో ఎద్దు అడ్డం పడుకుని కంపెనీ బస్సు ఒకసారి ఆగిపోతే, బస్సు నాచారం చేరేసరికి ఆ ఎద్దుకు మూడో కొమ్ము మొలిచింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అది ఉర్దూలో మాట్లాడింది. సాయంత్రం తిరుగు బస్సులో డ్రైవరు వంశానికి శాపం పెట్టింది. ఇదంతా కల్పన అని బస్సులో అందరికీ తెలుసు. అయినా మర్నాడు పొద్దున ఆ చౌరస్తా రాగానే తలలన్నీ కిటికీల వైపు తిరిగాయి. డ్రైవరు మాత్రం తల తిప్పలేదు. స్టీరింగుకు నిమ్మకాయ కట్టుకుని వచ్చాడు.

బసవరాజు పుట్టింది రామంతాపూర్‌లో. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తండ్రికి కోరిక. అందుకని కాన్వెంటులో వేశాడు. సిస్టర్లు అతనికి ఇంగ్లీషు, లెక్కలు, నిజం చెప్పడం నేర్పాలని చూశారు. ఇంగ్లీషు బాగా వచ్చింది. లెక్కలు స్టోర్సు గుమాస్తా పనికి సరిపడా వచ్చాయి. నిజం విషయంలో సిస్టర్లే చేతులెత్తేసి ఏసుప్రభువు మీద భారం వేశారు.

నాచారంలో గొళ్లేలూ, తాళాల రేకులూ అచ్చుకొట్టే చిన్న ఇంజనీరింగ్ కంపెనీ ఒకటి ఉండేది. బసవరాజు అందులో స్టోర్సులో చేరాడు. ఎనభైల చివర్లో ఒక ఇంజనీరుగారి బావమరిది బొంబాయి నుంచి వస్తూ ఇంగ్లీషు ఆట పుస్తకం ఒకటి తెచ్చాడు. నలుగురు కూర్చోవాలి. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్లు ఆ కథలోకి తలా ఒక మనిషిగా దిగిపోతారు: ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. ఎదురుగా రాక్షసుడున్నాడు, ఏం చేస్తావు అంటే ఏం చేస్తాడో చెప్పాలి. అది ఫలిస్తుందో లేదో పాచిక తేలుస్తుంది. బసవరాజు ఆ పుస్తకాన్ని ఒక్క రాత్రి దగ్గర పెట్టుకుని పొద్దున్నే తిరిగి ఇచ్చేశాడు. కాబట్టి ఆట సగం పుస్తకంలోది, సగం బసవరాజుది. కొన్నాళ్లకు పుస్తకం సగం కూడా బసవరాజుదే అయిపోయింది.

పుస్తకంలో మంచు కొండలూ, పేరు పలకరాని కోటలూ ఉండేవి. వాటిని అతను మొదటి వారమే తీసేశాడు. "మనం సూడని కోటల దయ్యముంటే మనకేం భయమయితది?" అన్నాడు. అలా ఉప్పలావతీ రాజ్యం పుట్టింది. దాని పటం ఏ కాగితం మీదా లేదు. ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్‌లో బసవరాజు ఇంటి మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో సుద్దముక్కతో గీస్తాడు. మర్నాడు త్రివేణి, అంటే బసవరాజు భార్య, వడియాలు పెట్టడానికి కడిగేస్తుంది. ఆమె చేతిలో ఆ రాజ్యం ఎన్నిసార్లు మునిగిపోయిందో లెక్కలేదు.

ఆ ఆటలో అందరూ కాచుకుని కూర్చునేది గుప్తస్థలాల కోసం. మంత్రమో, మనోశక్తో భూమిలోంచి ఊరే చోట్లు అవి. రామంతాపూర్ టీవీ టవరు ఆ రాజ్యంలో గాలిగోపురం. ఊరు విడిచి వెళ్లినవాళ్ల గొంతులు అక్కడ పట్టుబడతాయి. రామంతాపూర్ చెరువు మసకచెరువు. అందులో చూసుకుంటే నిన్నటి మొహం కనిపిస్తుంది. హబ్సిగూడలో కోచింగ్ హాస్టళ్లు వచ్చాక అవి మునుల గుహలయ్యాయి. లోపలివాళ్లు రాత్రింబగళ్లు ఏవో సూత్రాలు జపిస్తారు, ఎవరికీ అర్థం కావు. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో, తలలు ఇంకా మొలవని రాక్షసుల బారు ఒకటి ఉప్పల్ దారి పొడుగునా నిలబడింది.

ఆడేవాళ్లకు ఒక ఆచారం ఉంది. దాన్ని పసిగట్టడం అంటారు. ఆట మొదలుకాకముందే, రాబోయే గుప్తస్థలం ఊళ్లో ఎక్కడుంటుందో తలా ఒక మాట చెప్పాలి. పసిగట్టినవాడికి ఆ స్థలంలో ఒక వరం దొరుకుతుంది. బసవరాజు అందరి మాటలూ బుద్ధిగా వింటాడు, తల ఊపుతాడు, అంతవరకూ తన మనసులో ఉన్న చోటును నిశ్శబ్దంగా పక్క వీధిలోకి జరిపేస్తాడు. అందుకని పసిగట్టినవాడు ఇన్నేళ్లలో ఒక్కడే. వాడు మహిపాల్.

మహిపాల్ అదే కంపెనీలో ప్రెస్ షాపులో పనిచేసేవాడు. ఇనుప రేకును ఒక్క దెబ్బకు అచ్చుకొట్టే పెద్ద పవర్ ప్రెస్ అతనిది. అది దిగినప్పుడల్లా షెడ్డు నేల దడదడలాడేది, స్టోర్సులో బసవరాజు టీ గ్లాసులో అలలు లేచేవి. ఆ చప్పుడులో మాట వినబడదు. అందుకని ప్రెస్ షాపువాళ్లందరూ చేతులతో మాట్లాడుకునేవాళ్లు. బొటనవేలు నోటి వైపు వంచితే టీ. పిడికిలి భుజాల మీద కొట్టుకుంటే సూపర్‌వైజర్ వస్తున్నాడు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే ఇవాళ బస్సు ఆలస్యం. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వాళ్లు పెళ్లి సంబంధాలు కూడా మాట్లాడుకున్నారు. ఉప్పలావతిలో మనోశక్తి అంటే ఏమిటో పుస్తకం చూసి బసవరాజుకు అర్థం కాలేదు. ప్రెస్ షాపు గుమ్మంలో నిలబడి చూశాక అర్థమైంది.

ఆటకు పాచిక చేసిందీ మహిపాలే. ఆరు పలకల ఇత్తడి రాడ్‌లోంచి వేలి కణుపంత ముక్క కోసి, మధ్యన రంధ్రం తొలిచి, పలకల మీద అంకెలు అచ్చుకొట్టాడు. దొర్లిస్తే ఏదో ఒక పలక పైకి వస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు మాత్రం అది దొర్లకుండా నిలువునా నిలబడిపోతుంది, రంధ్రం పైకి చూస్తుంది. దాన్ని కన్ను తెరవడం అంటారు. కన్ను తెరిస్తే గుప్తస్థలం తెరుచుకున్నట్టే. వేసినవాడు అందులోకి అడుగు పెట్టి తీరాలి.

ఇంకొక సైగ కూడా ఉండేది. షిఫ్టు దిగేటప్పుడు మహిపాల్ మిషన్ మీది చెయ్యి తీసి, బొటనవేలితో నుదుటి మధ్య ఒక్కసారి తాకేవాడు. మిషన్‌కు దండం పెడుతున్నాడని కొందరు, చెమట తుడుచుకుంటున్నాడని కొందరు అనుకునేవాళ్లు. బసవరాజు అతణ్ని అడగలేదు. అడిగి తెలుసుకున్నదాని ఎత్తు పెంచడం కష్టం. ఆటలో మాత్రం దానికి మహిపాల్ ముద్ర అని పేరు పెట్టి, తెరుచుకున్న మాయాద్వారాలన్నీ ఆ ముద్రతోనే మూసుకుంటాయని శాసనం చేశాడు.

కంపెనీ మూతపడింది. బస్సు ఆగిపోయింది. అందరికీ జుట్టు నెరిసింది, మహిపాల్‌కు చెవులు కూడా పోయాయి. ఆట మాత్రం ఆగలేదు. మేడ మీద నలుగురు మిగిలారు. కథ చెప్పే బసవరాజు. కమ్మరి వీరుడైన మహిపాల్. రైల్వేలో గార్డుగా రిటైరయి, ఆటలో దొంగ వేషం తప్ప ఇంకేదీ ఒప్పుకోని రామస్వామి. హబ్సిగూడ పరిశోధన సంస్థలో పనిచేసిన మంగతాయారు. ఆమెది తెనాలి. పక్కింట్లో అద్దెకు దిగిన కొత్తలో, ఆదివారం పూట ఈ అరుపులేమిటని పోట్లాడటానికి మెట్లెక్కి వచ్చింది. యోగిని వేషం కట్టి కిందికి దిగింది.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక ఆదివారం మహిపాల్ పాచిక వేస్తే కన్ను తెరిచింది. అప్పటికే చీకటి పడుతోంది. "అన్న లోపటికి పోయిండు. ఏడికి పోయిండో వచ్చే వారం జెప్త," అన్నాడు బసవరాజు, చేత్తో సైగ చేస్తూ. మహిపాల్ నవ్వి చెప్పులు వేసుకున్నాడు. ఆ బుధవారం గుండె ఆగి పోయాడు.

ఆటలో అతణ్ని చంపడానికి ఎవరికీ మనసొప్పలేదు. అలాగని ఎక్కడున్నాడో చెప్పడానికి బసవరాజుకు నోరు రాలేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, "మహిపాల్ షిఫ్టుల ఉన్నడు" అనుకోవడం అలవాటైంది. కంపెనీ రోజుల్లో ఆటకు రాని మనిషి గురించి అనే మాటే కదా. ఏడాదంతా అలాగే గడిచింది.

ఈ ఎండాకాలంలో ఒక ఆదివారం సాలమ్మ మెట్లెక్కి వచ్చింది. మహిపాల్ భార్య. సంవత్సరీకానికి పిలవడానికి వచ్చింది, చేతిలో కారప్పూస డబ్బా ఉంది. ఆమె ఎన్నడూ ఆ మేడ ఎక్కలేదు. పై మెట్టు మీదకు వచ్చేసరికి రామస్వామి పటం మీద వంగి, "మహిపాల్ ఉంటే గీ తలుపు ఒక్క గుద్దుకు పోతుండె. ఏం జేస్తం, షిఫ్టుల ఉన్నడు," అంటున్నాడు.

"ఏ షిఫ్టు?" అంది సాలమ్మ.

ముగ్గురూ గతుక్కుమన్నారు. బసవరాజు సుద్దముక్క వెనక దాచాడు, సిస్టరు వచ్చినట్టు.

"నైట్ షిఫ్టు వదినె," అన్నాడు.

"యాడాది సంది నైటేనా?"

"అది... ఆటల మాట వదినె."

"ఆటనో పాటనో. రిలీవర్ రాలేదా మరి?"

ప్రెస్ షాపులో నియమం అది. నడుస్తున్న మిషన్‌ను వదిలి మనిషి పోకూడదు. రిలీవర్ వచ్చి, మిషన్ చేతిలోకి తీసుకుంటేనే పాతవాడు దిగాలి. రాకపోతే డబల్ డ్యూటీ. ఏడాదిగా ఆ మాట అంటూ వచ్చిన ముగ్గురిలో ఒక్కరికీ ఈ నియమం గుర్తు రాలేదు.

సాలమ్మ డబ్బా నేల మీద పెట్టి, గాలిగోపురం మీదే కూర్చుంది.

"బతికినన్ని దినాలు ఎవడు రాకుంటే వాని షిఫ్టు నెత్తిమీదేసుకున్నడు. పిల్ల పుట్టిననాడు గూడ డబల్ డ్యూటీనే. నేను దవాఖానల, ఆయన మిషన్ కాడ. సచ్చినంక గూడ మీరు డబల్ డ్యూటీకే పెట్టిన్రా తమ్మీ?"

"అయ్యో, అలా కాదండీ సాలమ్మగారూ, ఊరికే ప్రేమకొద్దీ అనుకున్న మాట," అంది మంగతాయారు.

"ప్రేమున్నోళ్లు ఒక్కలన్న పోయి దింపద్దా?" అంది సాలమ్మ. "ఆ మిషన్ను నేను ఏడాదికొక్కసారి సూసేదాన్ని, ఆయుధపూజనాడు. మిగతా దినాలన్నీ దాని మొగడే ఆయన. తమ్మీ, వచ్చే బేస్తారం గాదు, ఆ పై బేస్తారం సంవత్సరీకం. మళ్ల ఆదివారం నేనొస్త. ఆయన్ను షిఫ్టు దింపు. కథలు నువ్వే జెప్తవు గద, గీ ఒక్కటి జెప్పు."

ఆ వారం బసవరాజుకు అన్నం సయించలేదు. చారులో వేలు పెట్టి ఏదో గీస్తుంటే త్రివేణి చూసింది.

"ఏందయ్యా, పళ్లెంల గూడ రాజ్యమేనా?"

"రిలీవర్ దొరుకుతలేడు."

"మూడు కొమ్ముల ఎద్దును పట్టుకొచ్చినోనివి, ఒక్క రిలీవర్‌ను తేలేవా?"

తేవచ్చు. ఆకాశం నుంచి ఒక గంధర్వుణ్ని దింపి మిషన్ ఎక్కించవచ్చు. కానీ సాలమ్మ నవ్వడానికి రావడం లేదు. ఆమె ముందు తేలిక కథ పెడితే మహిపాల్‌ను రెండోసారి పాడె ఎక్కించినట్టే. అసలు చిక్కు ఇంకొకటి. ఒకణ్ని దింపాలంటే ఇంకొకడు ఎక్కాలి. రామస్వామినో, మంగతాయారునో ఆ మిషన్ ముందు నిలబెడితే వాళ్లిద్దరి వయసూ ఎంత? తర్వాత వాళ్లను దింపేదెవరు?

కాలు పెట్టని చోట మాయ పెట్టకూడదన్నది బసవరాజు పద్ధతి. శుక్రవారం పొద్దున షేర్ ఆటో ఎక్కి నాచారం పోయాడు. ఒకప్పుడు ఆ మలుపు తిరగగానే కట్టింగ్ ఆయిల్ వాసన, ఆ వెనకే ప్రెస్ చప్పుడు ఎదురొచ్చి చెయ్యి పట్టుకునేవి. ఇప్పుడు గేటు దగ్గర డెలివరీ బండ్లు బారులు తీరి ఉన్నాయి. షెడ్డు అదే, పైన రేకులు కొత్తవి. ఆన్‌లైన్ సామాన్ల గోదాం అయింది.

"ఎవలు గావాలె సార్? పార్సిలా?" అన్నాడు వాచ్‌మన్.

"పార్సిల్ గాదు. మనిషి. పోయిన ఏడాది లోపటికి పోయిండు, ఇంక బయటికి రాలె."

వాచ్‌మన్ మొహం తెల్లబోయింది. "మా డ్యూటీల పోయిండా సార్?" అన్నాడు భయంగా. బసవరాజు అతణ్ని కూర్చోబెట్టి, ధైర్యం చెప్పి, పాత ఉద్యోగినని ఒప్పించి, లోపలికి తొంగిచూసే అనుమతి సంపాదించాడు.

ప్రెస్ ఉన్న చోట ఇప్పుడు అట్టపెట్టెల గుట్ట ఉంది. పక్కకు వంగి చూస్తే నేలలో నాలుగు బోల్టులు కోసేసిన గుర్తులు, మధ్యన ఎన్నిసార్లు కడిగినా పోని నూనె మరక. గోదాంలో కుర్రవాళ్లు చెవుల్లో ఏవో పెట్టుకుని పాటలు వింటూ పెట్టెలు సర్దుతున్నారు. ఒకడికి ఇంకొకడి మాట వినబడదు. ఆ చివరివాడు ఈ చివరివాడి వైపు తిరిగి, బొటనవేలు నోటి వైపు వంచాడు. ఈ చివరివాడు తల ఊపాడు.

బసవరాజు అక్కడే, అట్టపెట్టెకు ఆనుకుని కాసేపు నిలబడిపోయాడు. స్థలం దొరికింది. రిలీవర్ దొరకలేదు.

ఆదివారం మేడ మీద పటం కొత్తగా గీశాడు. సాలమ్మ చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎప్పుడూ కిందే ఉండే త్రివేణి కూడా బజ్జీల పళ్లెం పట్టుకుని పైకి వచ్చి, ట్యాంకు గోడకు చేరగిలబడింది.

"పసిగట్టుండ్రి," అన్నాడు బసవరాజు, ఆచారం ప్రకారం.

"ప్రెస్ షాపు," అన్నారు రామస్వామి, మంగతాయారు ఒక్కసారే. ఈసారి బసవరాజు స్థలాన్ని పక్క వీధిలోకి జరపలేదు.

"నిజమే. దాని పేరు నోరులేని కోట," అని మొదలుపెట్టాడు. "ఉప్పలావతికి ఉత్తరాన నాచగిరిల ఉన్నది. అండ్ల అడుగుపెట్టంగనే మనిషి గొంతు పోతది. నడిమిట్ల ఒక ఇనుప భూతం నిలబడ్డది, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క లోకాన్ని అచ్చుగొడ్తది. దాని ముంగట మన కమ్మరి వీరుడు నిలబడ్డడు. రిలీవర్ లేడు. ఆయన చెయ్యి తీసిండంటే లోకం వంకర పడతది, అందుకని తీస్తలేడు. ఇగ మీ ఇష్టం. ఏం జేస్తరు?"

"నేను దొంగను గద," అన్నాడు రామస్వామి. "సప్పుడు జెయ్యకుంట ఎన్కనుంచి పోయి, నడుం పట్టుకుని గుంజుకొస్త."

"ప్రెస్ మీద ఉన్నోన్ని ఎన్కనుంచి ముట్టుకుంటవా?"

రామస్వామి నాలుక కరుచుకున్నాడు. ప్రెస్ మీద ఉన్నవాణ్ని వెనకనుంచి తాకితే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే వేళ్లు పోతాయి.

మంగతాయారు కళ్లజోడు సర్దుకుంది. "నేను దూరం నుంచే ఆయన మనసులోకి మాట పంపిస్తాను. మహిపాల్ గారూ, ఇక చాలండీ, రండి అని." పాచిక వేసింది. రెండు పడింది.

"పోలేదు మేడం. మిషన్ ముంగట అన్న మనసుల ఏం పెట్టుకోడు. తలుపులన్నీ ఏసుకుని నిలబడ్తడు."

రామస్వామి బజ్జీ పక్కన పెట్టేశాడు. చేతులు తుడుచుకుని, నేల చూస్తూ అన్నాడు:

"అరె బసవా. నేనెక్కుత మిషన్. ముంగట్నుంచే పోత, మంచిగ సైగ జేసి ఎక్కుత. నాకేముంది, పోయేదుంటే గా దిక్కే పోవాలె. ఇంట్ల ఎదురుసూసేటోళ్లు గూడ లేరు."

రామస్వామి భార్య పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి అతను ఆ మేడ మీద ఎన్నడూ ఎత్తలేదు. బసవరాజు సుద్దముక్కను అటూ ఇటూ తిప్పాడు. అవునంటే మహిపాల్ దిగుతాడు, సాలమ్మ మనసు కుదుటపడుతుంది. కానీ వచ్చే ఆదివారం ఇదే చోట కూర్చుని ఈ మనిషి మొహం ఎలా చూడాలి? ఏ గంధర్వుడూ సాయానికి రాలేదు. కథ చెప్పే నోటికి ఆ కోట గాలే సోకినట్టుంది.

"ఎవ్వలు ఎక్కద్దు," అంది సాలమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నేను బోత లోపటికి. ఆడోళ్లను రానియ్యరని అంటవేమో. ఒక్కదినం రానిస్తరు. ఇయ్యాల ఆయుధపూజ."

"గిది ఎండాకాలం వదినె," అన్నాడు రామస్వామి మెల్లగా.

"మీ రాజ్యంల ఎద్దు మాట్లాడంగ లేంది, నా దసర రాదా?"

త్రివేణి కిసుక్కున నవ్వింది. "అడుగు అక్కా, అట్ల అడుగు," అంది.

"వచ్చింది వదినె. దసర వచ్చింది," అన్నాడు బసవరాజు. "గేటుకు మామిడాకులు గట్టిన్రు. వాచ్‌మన్ కొత్త అంగీ ఏసుకున్నడు. నువ్వు లోపటికి బోయినవ్. ఇగ పాచిక ఎయ్యి."

"పాచిక ఎందుకు? పండుగనాడు మిషన్ బంద్ అంటే బంద్. దానికి అదృష్టమేంది?" సాలమ్మ చాప మీద నుంచి లేచింది. నీళ్ల ట్యాంకు ముందు నిలబడి, నిజంగా అక్కడ ఎత్తైన ఇనుప మిషన్ ఉన్నట్టు తల పైకెత్తింది. "నేను ఎన్కకెల్లి రాను. పక్కకెల్లి రాను. ఆయన ముంగట, కండ్ల వడేటట్టు నిలబడ్త. నన్ను సూసి మోటరు బంద్ జేస్తడు, ప్రతేడు అట్లనే జేసేటోడు. మిషన్ను తుడుస్త. పసుపు రాస్త. బొట్టు పెడ్త. బొట్టు వెట్టిన మిషన్ను మళ్ల పొద్దుగాల దాంక ఎవ్వలు ముట్టరు. ఇంక రిలీవర్‌తోని పనేముంది?"

అంత మందీ వారం పాటు మిషన్ ఎవరు ఎక్కాలా అని చూశారు గానీ, ఆ మిషన్ ఆగే రోజు ఒకటి ఉందని ఎవరికీ తట్టలేదు. ఆ రోజున షెడ్డులో దిగే నిశ్శబ్దం బసవరాజుకు ఒక్కసారి చెవుల్లో నిండింది. కడిగిన నేల, బంతిపూలు, బూందీ పొట్లాలు, చీరల గరగర, ప్రెస్ నల్లటి నుదుటి మీద అరచెయ్యంత ఎర్రటి బొట్టు.

"మొదటేడు తెల్వక గంత పెద్ద బొట్టు వెట్టిన," అంది సాలమ్మ, అదే బొమ్మ తనకూ కనిపిస్తున్నట్టు. "అందరు నవ్విన్రు. ఆయన గూడ నవ్విండు. గప్పటిసంది నా పేరే అది. నోటితోని పిలువడు, గిట్ల పిలుస్తడు."

ఏడాదిగా బొట్టు లేని నుదుటి మీద, బొటనవేలితో ఒక్కసారి తాకింది.

రామస్వామి బసవరాజును చూశాడు. బసవరాజు ఎవరినీ చూడలేకపోయాడు. పాతికేళ్లకు పైగా ప్రతి సాయంత్రం, షిఫ్టు దిగుతూ, అంత చప్పుడు మధ్యన ఆ మనిషి చెప్పుకున్నది దండమూ కాదు, చెమటా కాదు. సాలమ్మ దగ్గరకు పోతున్నా అని. ఆ సైగకు తను కట్టిన పేరూ, రాసిన శాసనమూ, దాంతో మూయించిన మాయాద్వారాలూ ఎన్ని! అంత ఎత్తు కథల్లో ఒక్కటి కూడా ఆ చిన్న సంగతి ఎత్తును అందుకోలేదు.

"తర్వాత వదినె?" అన్నాడు. ఉప్పలావతి పుట్టిన నాటి నుంచి ఆ మేడ మీద కథ చెప్పే మనిషి ఆ మాట అడగడం అదే మొదలు.

"తర్వాతేంది? చేతులు కడుక్కుంటడు. బూందీ పొట్లం నా సంచిల ఏస్తడు. గేటు బయటికొస్తం. గంతే."

"గేటు బయట బస్సు ఉన్నది," అన్నాడు బసవరాజు మెల్లగా. "కిటికీ సీటు ఖాళీగున్నది."

"ఉంటే ఎక్కుతడు. కిటికీ సీటంటే పానం."

బసవరాజు వంగి, పటం మీద నోరులేని కోట చుట్టూ గీసిన గీతను అరచేత్తో చెరిపేశాడు. మంగతాయారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూనే ఉంది. రామస్వామి పక్కన పెట్టిన బజ్జీని మళ్లీ అందుకుని, "ఎంత డబల్ డ్యూటీ జేసిండు బిడ్డ," అని గట్టిగా ముక్కు చీదాడు.

సాలమ్మ చాప దులిపి మడిచింది. పోతూ పోతూ నేల మీది ఇత్తడి పాచికను తీసి, చీర కొంగుతో తుడిచి చూసుకుంది.

"ఇది ఆయన జేసిందేనా?"

"ఆయనదే వదినె. పట్టుకపో."

"పట్టుకపోత. మళ్ల ఆదివారం నేనే తెస్త." కొంగున ముడి వేసుకుంది. "ఇగ ముందుగాల ఏదో అడుగుతవు గద, పసిగట్టుమని. నన్నడగవా?"

"అడుగుత. ముందటి గుప్తస్థలం ఏడుంటది వదినె?"

సాలమ్మ రెండు నిమిషాలు అతని మొహంలోకే చూసింది. "ఉప్పల్ చౌరస్తా. బస్సు ఆగిన కాడ. ఎద్దు అడ్డం వడ్డది గద, ఆడ."

బసవరాజు మొహం రాయిలా పెట్టాడు. "తప్పు," అన్నాడు.

"అబద్ధం. నీ కుడి కన్నుబొమ్మ లేసింది," అంది సాలమ్మ, మెట్లు దిగుతూ. "దాన్ని సూడమని ఆయన ఎప్పుడో జెప్పిండు."